పేష్కారు దస్తీ

సంగాపురం దొరగారి గడిలో శుక్రవారం సాయంత్రం పియానో కచేరీ జరుగుతుందనీ, ఊరివారందరూ స్నానాలు చేసి వచ్చి ఆనందించవలసిందనీ 1938లో దండోరా వేయించారు. ఆనందించని వారిని ఏం చేస్తారో దండోరాలో చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా.

వనపర్తి దారిలోని ఆ గడికి ఇంత కళాతృష్ణ కలగడానికి కారణం పొరుగూరి దొర. ఆయన గ్రామఫోను కొన్నాడు. దాంతో మన దొరకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడోనాడు హైదరాబాదుకు మనిషిని పంపి, అక్కడ ఒక తెల్లదొర ఇంట్లో విడిది చేసిన ఎల్సా అనే ఐరోపా విద్వాంసురాలిని ఒప్పించాడు. ఆవిడ ఒక్కతే కూర్చుని గంటన్నర వాయిస్తుంది. పక్కన మృదంగం ఉండదు, పాట ఉండదు. వాయించేవన్నీ నూరేళ్ల కిందట ప్రేమలు విఫలమై, క్షయ ముదిరి, దేశం విడిచి తిరిగిన మహానుభావులు కట్టిన స్వరాలు.

ఏర్పాట్లన్నీ గడి కాగితాలు చూసే పేష్కారు కురుమూర్తి మీద పడ్డాయి. గడిలో ఇంగ్లీషు వచ్చినవాడు అతనొక్కడే. పియానో దక్షిణాది నుంచి రైల్లో వచ్చి గద్వాల స్టేషన్లో దిగింది. ఎడ్లబండి మీద బీచుపల్లి చేరింది. రెండు పుట్టి పడవలు జోడించి దాన్ని కృష్ణ దాటించి ఒడ్డుకు దించుతుంటే, కురుమూర్తి నడుములోతు నీళ్లలో నిలబడి పియానో కాలు పట్టుకున్నాడు. పియానో తడవలేదు. పేష్కారు తడిశాడు.

ఈ సంగీతంలో మధ్యమధ్య నిశ్శబ్దం ఉంటుందనీ, అప్పుడు చప్పట్లు కొడితే మహాపచారమనీ ఎల్సా ముందే ఉత్తరం రాసింది. దొర వెంటనే హుకుం జారీ చేశాడు: "పేష్కారు దస్తీ బయటికి తీసినప్పుడు మాత్రమే సభికులు కరతాళధ్వనులు చేయవలెను. లోపల పెట్టగానే మానవలెను." రెండు రోజులు సాధన జరిగింది. కచేరీ సవ్యంగా జరిగితే కురుమూర్తికి దివానుగిరీ, జరగకపోతే లింగాల అడవి చౌకీలో కాపలా అని దొర మాట ఇచ్చాడు. దొర రెండు మాటలూ నిలబెట్టుకునే మనిషి.

శుక్రవారం రానే వచ్చింది. ఎల్సా వేళ్లు పియానో మెట్ల మీద పరుగెత్తాయో లేదో, కృష్ణానది కురుమూర్తి ముక్కులోంచి బయలుదేరింది. ఆపుకోలేక ముక్కు తుడుచుకోవడానికి దస్తీ తీశాడు. రెండు వందల మంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఎల్సా ఉలిక్కిపడి లేచి, వంగి నమస్కరించి, మళ్లీ మొదటినుంచి అందుకుంది. ఇలా మూడుసార్లు జరిగింది.

"మనోళ్లకు ఎంత రసికతుందో చూసినవా?" అన్నాడు దొర.

ఆ తర్వాత నెమ్మదైన స్వరం ఒకటి మొదలైంది. కురుమూర్తి దస్తీని జేబు అడుగుకు తోసి నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. కాసేపటికి ముక్కును మరిచాడు. దివానుగిరీని కూడా మరిచాడు. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. జలుబేననుకున్నాడు. అంతలో స్తంభం వెనక నుంచి వెక్కిళ్లు వినిపించాయి.

విద్వాంసురాలికి కానుకగా ఇవ్వవలసిన చీర పట్టుకొచ్చిన గద్వాల నేతకత్తె జమ్ములమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కురుమూర్తి మునివేళ్ల మీద వెళ్లాడు.

"ఏందమ్మా గిది? ఏడ్సమని హుకుం లేదు."

"నాకు తెల్వదయ్యా. మా ఇంటాయన పోయిన్నాడు మగ్గం ఆపినం. ఇల్లంత గిట్లనే అయింది."

కురుమూర్తి ఏమీ ఆలోచించకుండా, కళ్లు తుడుచుకొమ్మని ఆమెకు దస్తీ తీసి ఇచ్చాడు.

గడి దద్దరిల్లేలా చప్పట్లు. దస్తీ మళ్లీ లోపలికి పోకపోవడంతో ఆగలేదు కూడా. దొర కర్ర నేలకు కొట్టాక ఆగాయి. ఎల్సా లేచి నిలబడి ఇంగ్లీషులో అడిగింది: ఇప్పుడు ఏడ్చినదెవరు? మిగిలినదంతా ఆ ఒక్కరికోసమే వాయిస్తాను.

"ఏమంటున్నదయ్యా?" అన్నాడు దొర. కురుమూర్తి చెప్పాడు.

"మన దొరసానమ్మ అని చెప్పు."

దొరసాని ఆదినుంచీ బాలీసు మీద తలవాల్చి నిద్రపోతోంది. చప్పట్లకు లేచింది. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. కురుమూర్తి స్తంభం వైపు చూశాడు. ఆ తర్వాత లింగాల ఎటువైపో ఆ దిక్కు చూశాడు. దొరసానిగారేనని చెప్పాడు. ఒక్క వ్యాకరణ దోషం దొర్లలేదు.

ఎల్సా వచ్చి దొరసాని చేతులు కళ్లకద్దుకుంది. మిగిలిన గంటా ఆవిడ వైపే చూస్తూ వాయించింది. దొరసాని మళ్లీ కళ్లు మూసింది. అంత తన్మయత్వం ఐరోపాలోనూ చూడలేదని ఎల్సా మెచ్చుకుంది.

ఈలోగా కురుమూర్తి జమ్ములమ్మను గేటు దాకా నడిపించాడు.

"నువ్వు ఈడికి రాలేదు. సమజైందా?"

"చీర తెచ్చిన గదయ్యా!"

"చీర వచ్చింది. నువ్వు రాలేదు."

ఆమె గేటు దాటి వెళ్లిపోయింది.  లోపలి స్వరం వినిపిస్తున్నంతసేపూ కురుమూర్తికి లోపలికి వెళ్లబుద్ధి కాలేదు.

అతను దివానయ్యాడు. ఇది జరిగి పదేళ్లు కావస్తోంది. ఆ కచేరీలో తామెంత వెక్కి వెక్కి ఏడ్చారో చెప్పని పెద్దమనిషి ఇప్పుడు చుట్టుపక్కల లేడు. ఆనాడు సంగాపురం పొలిమేర తొక్కనివాళ్లు ఇంకా ఎక్కువ ఏడ్చారు. నిజంగా ఏడ్చింది ఆమేనేమోనని అనుమానం వచ్చి మేము గద్వాలకు వెళ్లి జమ్ములమ్మను కూడా అడిగాం. ఆమె మగ్గం ఆపకుండానే, "నేనాడికి పోనేలేదు" అంది.

అంత సూటిగా చెప్పాక ఆమె మాట నమ్మక తప్పలేదు. పెద్దమనుషుల మాట ఎలాగూ నమ్మాం.