నెమలి లేని చెంబు

ఆ శుక్రవారం పొద్దున మాలతి అనుకున్నవి రెండే పనులు. పూజగదిలోని వెండి చెంబు తోమి దీపం పెట్టాలి. తర్వాత భర్తతో గద్వాలలో బస్సెక్కి, నాగర్‌కర్నూల్‌లో మరిది బాలకృష్ణ కట్టుకున్న కొత్త ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి చేరుకోవాలి.

మొదటి పని సగంలో ఉండగానే రాఘవేందర్ ఫోను పట్టుకుని వచ్చాడు. అతను విత్తనాల దుకాణంలో పని చేస్తాడు. పత్తి గింజను చూసి రకం చెప్పలేడు గాని, కొన్నాళ్ళుగా పాత వెండిని ముద్రలను బట్టి గుర్తుపట్టే వీడియోలు చూసి, ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెనూ బోర్లించి చూస్తున్నాడు. సింహం ముద్ర ఉంటే ఇంగ్లండు వెండి అట. లంగరు ఉంటే ఫలానా ఊరిదట. ఇంట్లో సింహమూ దొరకలేదు, లంగరూ దొరకలేదు. చెంబు ఒక్కటే మిగిలింది.

"అది ఇటియ్యి. వనపర్తి కంసాలి శంకరయ్య సామాను కింద నెమలి ఉంటదని అమ్మ చెప్తుండె గద. ఫోటో తీస్త," అన్నాడు.

తిప్పి చూశాడు. ఫోను దీపం వేసి చూశాడు. అడుగున నెమలి లేదు. ఒక పక్కన మూడు సన్నని గీతలు మాత్రం ఉన్నాయి.

"మాలతీ, నెమలేది?"

"ఏడికి పోతది? మంచిగ చూడు."

"మంచిగనే చూస్తున్న. మూడు గీతలున్నయి, గంతే."

ఆ గీతలను ఫోటో తీసి ఫోనును అడిగాడు. ఎక్కడో విదేశంలో ఒక కార్ఖానా ఉందని, దాని గుర్తు మూడు గీతలని, అక్కడ ఇత్తడి గిన్నెలకు వెండి పూత పూస్తారని ఫోను చెప్పింది. ఫోను చెప్పినదాన్ని రాఘవేందర్ ఎన్నడూ కాదనలేదు.

"ఇది వెండి కాదే. పూత," అన్నాడు.

మాలతి చేతిలోని, చెంబు తోమే విబూది పొట్లం కింద పడింది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త లక్ష్మీదేవమ్మ ఆ చెంబును ఆమె చేతుల్లో పెట్టి, "పెద్దకోడలివి, ఇంట్ల దీపం ఇగ నీదే," అంది. ఆ మాటే మాలతికి ఆస్తి. ఆ చెంబుతో నీళ్ళు పెట్టని రోజు లేదు. ఇప్పుడు ఇది ఆ చెంబే కాదంటే, ఇన్నాళ్ళు ఆమె దేవుడికి పెట్టినదేమిటి?

"మార్చిన్రు," అంది.

"ఎవరు?"

"ఇంకెవరు? నీ ముద్దుల మరదలు! పోయిన కార్తీకంల నోముకు వచ్చినప్పుడు దాని చెంబు గూడ తెచ్చి, నా చెంబుతోని ఒక్క తాననే పెట్టుకోని కడిగింది. దానిదెప్పుడు చూసినా నల్లగనే ఉంటది. చెంబు తోమనీకె చేతకాదు గని, మార్చనీకె మాత్రం చేతనైంది!"

వెంటనే తోడికోడలు రజితకు ఫోను చేసింది. అవతల వంటవాళ్ళ అరుపులు, పిల్లల ఏడుపులు వినిపిస్తున్నాయి.

"అక్కా, బస్సెక్కిన్రా?"

"నీ చెంబు కింద ఏముంది?"

"చెంబు కింద బియ్యం పోసిన్రు అక్కా, కలశం పెడ్తున్రు. పంతులు పిలుస్తుండు, మళ్ళ చేస్త," అని రజిత పెట్టేసింది.

"చూసినవా? మాట దాటేసింది!" అంది మాలతి. పండ్ల సంచిలోని అరటిపండ్లు తీసేసి చెంబును అడుగున పెట్టింది.

వనపర్తిలో బస్సు ఆగగానే భర్తను కూడా దింపింది. శంకరయ్య పోయి చాలాకాలమైంది. దుకాణంలో కొడుకు నర్సింహులు కూర్చుని ఉన్నాడు. రాఘవేందర్ చెంబును అతని ముందు పెట్టి, "మీ నాయిన చేసిందే అన్నరు. చూస్తే పూత లెక్క ఉంది, ఎవరో మార్చిన్రు అంటుంది ఈమె," అన్నాడు. ఎక్కడ ఏ మాట అనకూడదో ఆ మాట అక్కడ అనడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

నర్సింహులు ముఖం ఎర్రబడింది. "మా నాయిన పూత సామాను చేసిండా? పొద్దుపొద్దున దుకాణానికొచ్చి గిదేనా మాట?" అని చెంబును తిప్పాడు. "నెమలేది? నెమలి లేనిది మా నాయిన చేతిది కానే కాదు. ఎవనిదో తెచ్చి మా నాయిన పేరు మీద పెట్టకుండ్రి!"

"పోనీ వెండో కాదో అదన్నా చెప్పు," అన్నాడు రాఘవేందర్.

"గీటురాయి మీద గీస్తే నిమిషంల తెలుస్తది. ఇయ్యుండ్రి."

రాయి బయటికి తీశాడు. అప్పుడే మాలతి చెంబును గుంజుకుంది. "దేవుని చెంబును రాయి మీద గీస్తరా? కండ్లు పోతయి!"

"ఇప్పుడే కద అది మీ చెంబు కాదన్నరు?"

"నాది కాకపోతే ఏంది? దేవునికి పెట్టింది గద!"

తగవు తీర్చగలిగింది ఆ ఒక్క రాయే. దాన్ని అక్కడే వదిలేసి ముగ్గురూ మూడు కోపాలతో విడిపోయారు.

నాగర్‌కర్నూల్ చేరేసరికి వ్రతం మొదలైంది. బాలకృష్ణ, రజిత పీటల మీద కూర్చున్నారు. వాళ్ళ ముందు బియ్యం, బియ్యం మీద కలశం, దాని మీద మామిడాకులు, కొబ్బరికాయ, రవిక గుడ్డ. రజిత చెంబే కలశమైంది. దాని అడుగు చూడాలంటే కలశాన్ని ఎత్తాలి. ఉద్వాసన చెప్పేదాకా కలశాన్ని కదపరాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంటే అయిదు అధ్యాయాల కథ అయ్యేదాకా మాలతి కోపాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి.

మొదటి అధ్యాయం ఓర్చుకుంది. రెండో అధ్యాయంలో పక్కనున్న దూరపు బంధువు వెంకటమ్మ చెవిలో, "ఎవరికి చెప్పకు. నా వెండి చెంబు మార్చిన్రు," అంది.

వెంకటమ్మ ఎవరికీ చెప్పలేదు, పక్కామెకు తప్ప. "వెండి పోయిందంట," అంది. ఆ పక్కామె, "ఇంట్ల దొంగ పడ్డడంట," అంది. గోడ దాకా చేరేసరికి, దొంగ ఇంకా లోపలే ఉన్నాడని తేలింది.

మూడో అధ్యాయంలో ఆడవాళ్ళందరూ మెడలోని గొలుసులు పట్టుకుని కథ విన్నారు. పూజకని వెండి పళ్ళెం ఇచ్చిన ఎదురింటామె మెల్లగా వచ్చి పళ్ళెం తీసుకుపోయింది. ఆమెను చూసి ఇంకొకామె కుంకుమ భరిణె తీసుకుంది. మరొకామె దీపపు కుందిని, వెలుగుతున్న వత్తితో సహా ఎత్తుకుంది. పంతులు హారతి కోసం చెయ్యి చాపితే చేతికి స్టీలు మూత తగిలింది.

"ఇది పూజనా, సంతనా?" అని పంతులు మండిపడ్డాడు.

పీట మీంచి లేవకూడదు గనుక బాలకృష్ణ కూర్చున్నచోటే అరిచాడు. "అన్నా, దొంగ అంటున్రు! జర తలుపు గొళ్ళెం పెట్టు!"

రాఘవేందర్ గొళ్ళెం పెట్టి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. వంట బయట పందిట్లో జరుగుతోంది. ఉప్పు, నెయ్యి, గిన్నెలు దించే గుడ్డలు లోపలున్నాయి. వంటవాళ్ళు తలుపు బాదడం మొదలుపెట్టారు. "పప్పు అడుగంటుతుంది! తలుపు తియ్యుండ్రి!" లోపలివాళ్ళు అది దొంగ మనుషుల పన్నాగం అనుకున్నారు.

అయిదో అధ్యాయంలో గుడ్డ కొంచెం జారింది. మిగిలిన దీపం వెలుగులో చెంబు నడుము కనిపించింది. నల్లగా ఉంది. మాలతికి అంతవరకు వచ్చిన కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"నా చెంబును నల్లగ గూడ చేసింది!" అని అరిచి, లేచి, రెండు చేతులా కలశాన్ని ఎత్తేసింది.

కొబ్బరికాయ దొర్లి పంతులు ఒళ్ళో పడింది. నీళ్ళు పుస్తకం మీద పడ్డాయి. మామిడాకులు బాలకృష్ణ నెత్తిన నిలిచాయి. మాలతి చెంబును బోర్లించి, అడుగున అంటిన బియ్యాన్ని దులిపింది.

నెమలి ఉంది. పింఛం విప్పుకుని నిక్షేపంగా ఉంది.

"చూడుండ్రి! ఇదే నా చెంబు! పూతది నాకంటగట్టి, అసలుది నువ్వు పెట్టుకున్నవా?"

రజిత కళ్ళల్లో నీళ్ళున్నాయి గాని గొంతులో లేవు. "నా కొత్త ఇంట్ల, నా కలశం ఎత్తుతవా అక్కా? నీకు దేవుడన్న భయం లేదా?"

"ఆగుండ్రి!" అంది గోడ పక్కన కుర్చీలో కూర్చున్న లక్ష్మీదేవమ్మ. మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చింది. మాలతి సంచిలోని చెంబును తీసి, రజిత చెంబు పక్కన బోర్లించింది. ఆ మూడు గీతలు ఎక్కడున్నాయో, రజిత నెమలి తోక సరిగ్గా అక్కడే ఉంది.

"శంకరయ్యతోని రెండు చెంబులు ఒక్కనాడే చేపిచ్చిన. ఒకటి నీకు, ఒకటి రాబోయే చిన్నకోడలికి. రెండిటికీ నెమలే ఉండె. నీ దాంట్ల తోక ఒక్కటే మిగిలింది. తలకాయ, కడుపు నువ్వే తోమి తోమి అరగదీసినవు."

"నేను దేవునికని తోమిన అత్తమ్మా," అంది మాలతి, ఆ మూడు గీతలను వేలితో తడుముతూ.

"దేవుడు చెంబు అడుగు చూస్తడానె?"

దేవుడి సామాను మెరవాలన్నది దేవుడి కోరికో, వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకోవాలన్న మన కోరికో, తోమేటప్పుడు ఎవరు ఆలోచిస్తారు?

రజిత ఊరుకోలేదు. "తోమ చేతకాదని నన్ను ఊరంత చాటినవు గద అక్కా. చూడు, నా నెమలికి కండ్లు గూడ ఉన్నయి."

రాఘవేందర్ గొంతు సవరించుకున్నాడు. "అంటే ఇప్పుడు రెండూ వెండియే అన్నట్టు. గా ఫోను..."

"ఫోను పేరెత్తితే బాయిల పడేస్త, ఫోనును కాదు, నిన్ను," అంది మాలతి. అతను గొళ్ళెం తీసి బయటికి నడిచాడు. వంటవాళ్ళు లోపలికి దూసుకొచ్చారు. వాళ్ళతోపాటు మాడిన పప్పు వాసన కూడా వచ్చింది.

పంతులు తడిసిన పుస్తకం దులిపి, కలశం కదిలింది గనుక మళ్ళీ నిలపాలని, కథ మొదటినుంచి చెప్పాలని తేల్చాడు. రజిత తన చెంబును చూసుకుంది. మాలతి ఎత్తి బోర్లించిన ఊపులో అంచు సొట్టపడింది. బొటనవేలితో ఒత్తి చూసింది, సరికాలేదు. తర్వాత మాలతి వైపు చూడకుండానే, "నీదే పెట్టు. నాది వంగింది," అంది.

మాలతి తన చెంబు కడిగి నీళ్ళు నింపింది. చెదిరిన బియ్యాన్ని తనే ఒక్కచోటికి చేర్చి, దాని మీద పెట్టి, "జర చూడు, వంకర ఉందా?" అని రజితను అడిగింది.

"కొంచెం ఇటు జరుపు అక్కా," అంది రజిత, ముఖం ముడుచుకునే.

పంతులు మళ్ళీ మొదటి అధ్యాయం ఎత్తుకున్నాడు. చెంబు సంగతి మాట్లాడుకునేవాళ్ళు మాట్లాడుకుంటున్నారు, ఆకలికి కునికేవాళ్ళు కునుకుతున్నారు. ఆ రోజు నాగర్‌కర్నూల్‌లో సత్యనారాయణస్వామి తన కథను రెండుసార్లు విన్నాడు. వచ్చినవాళ్ళు ఒక్కసారి కూడా వినలేదు.