పళ్ల డాక్టరుగారి పిల్లి

ఆ ఉదయం పళ్ల డాక్టరు అనుకున్నది చాలా చిన్న పని. కొత్తగా తెచ్చుకున్న పిల్లిని పశువుల డాక్టరుకు చూపించి, వయసు రాయించుకుని, పదింటికల్లా తన క్లినిక్ తెరవాలి.

పిల్లి అతని తల్లి కోసం. "నాలాంటి ముసలిదాన్నే తీసుకురారా. చిన్నదైతే నా తర్వాత దానికి దిక్కెవరు?" అని ఆవిడ ముందే షరతు పెట్టింది. అతను దిక్కులేని జంతువుల ఆశ్రమమంతా గాలించి, నడవడానికి కూడా బద్ధకించే పిల్లిని ఎంచి తెచ్చాడు. రెండు వారాలుగా అది ఆవిడ ఒళ్లోనే కాపురం. ఆవిడ మోకాళ్ల నొప్పుల మాటే మరిచిపోయింది.

పశువుల డాక్టరు పిల్లి నోరు తెరిచి చూశాడు. "పళ్లు ముత్యాల్లా ఉన్నాయి. ఏడాది కూడా నిండలేదండీ. ఇంకో పదిహేనేళ్లు ఢోకా లేదు."

పళ్ల డాక్టరు ఏదో చెప్పబోయి మింగేశాడు.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే తల్లి ముఖం వాడిపోయింది. "పదిహేనేళ్లా? అయితే తిరిగి ఇచ్చేసెయ్ నాయనా" అంది. అంది గానీ, పిల్లిని ఒళ్లోంచి దించలేదు.

కోడలికి ఇంకో అనుమానం వచ్చింది. "ఏడాది పిల్లి రోజంతా పడుకోవడమేంటి అత్తయ్యా? జబ్బేమో." బంతి దొర్లించి చూసింది. పిల్లి బంతి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. దాంతో ఇంటిల్లిపాదీ మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తారు.

ఈసారి పశువుల డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి ఉలిక్కిపడ్డాడు. "కళ్లు పన్నెండేళ్లవి, పళ్లు ఏడాదివి! ఇలాంటి కేసు నేనింతవరకు చూడలేదు." ముగ్గురు తోటి డాక్టర్లను పిలిపించాడు. ఒకాయన ఫొటోలు తీశాడు, ఇంకొకాయన పరీక్షల జాబితా రాయడం మొదలుపెట్టాడు. పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

అందరిలోకీ పెద్ద డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు. "రోగం కాదమ్మా. ఎవరో పళ్లు శుభ్రం చేశారు. ఎవరో గాని, ఎంత సున్నితమైన చెయ్యి! ఇంత చక్కటి పని నేనెక్కడా చూడలేదు."

ఇన్నేళ్ల ప్రాక్టీసులో పళ్ల డాక్టరును ఒక్క రోగీ మెచ్చుకోలేదు. ఇక ఆగలేకపోయాడు.

"నేనేనండీ. అది నోరు తెరుచుకుని పడుకుంటే ఆ గార చూడలేకపోయాను. రోజుకు రెండు పళ్ల చొప్పున గీకాను."

"పొద్దున్నే చెప్పొచ్చుగా?" అంది భార్య.

"పిల్లి నోట్లో చెయ్యి పెట్టానంటే తిడతారేమోనని."

తల్లి తిట్టలేదు. "అయితే దీనికి నిజంగా పన్నెండేళ్లా?" అని పిల్లిని మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "ఇంకేం, ఇంటికి పదండి."

పశువుల డాక్టరు కార్డు తీసి వయసు రాశాడు: పన్నెండేళ్లు, పళ్లు మినహా.