పడని కార్ల ట్రాక్

“పాత ట్రాక్ చరిత్రలో కలిసిపోయింది. ఇకమీదట మన క్లబ్బులో ఒక్క కారు కూడా పడదు!” అని అధ్యక్షుల వారు మైకులో ప్రకటించారు. మా హాలు చిన్నది. మైకు లేకపోయినా వినిపిస్తుంది. కానీ మైకు లేకుండా చెబితే అది మాట అవుతుంది గానీ ప్రకటన అవదు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన చాలనేదాకా కొట్టాం. ఆయన చాలనడానికి కాస్త సమయం తీసుకున్నారు.

తెలియనివారి కోసం చెబుతాను. స్లాట్ కార్లంటే అరచేతిలో పట్టే చిన్న కార్లు. పెద్ద చెక్కబల్ల మీద ఒక్కో కారుకు ఒక్కో గాడి చెక్కి, గాడికి రెండు వైపులా రాగి పట్టీలు అంటిస్తారు. కారు అడుగున ఉండే పుల్లలాంటి ముక్క ఆ గాడిలో కూర్చుంటుంది. చేతిలోని ట్రిగ్గర్ నొక్కితే కరెంటు అంది కారు పరుగెడుతుంది. వంపు వచ్చినప్పుడు ట్రిగ్గర్ కాస్త వదలాలి. వదలకపోతే కారు ఎగిరి కింద పడుతుంది. తమ పందెం అయిపోయినవాళ్ళు వంపు దగ్గర నిలబడి, తర్వాతివాళ్ళ కార్లు పడితే తీసి గాడిలో పెట్టాలన్నది మా క్లబ్బు ఆనవాయితీ. అధ్యక్షుల వారు వార్డు సభ్యులు కూడా కాబట్టి, ఆయన వంతుకు ఆయన బావమరిది నిలబడేవాడు.

అధ్యక్షుల వారికి ఏదైనా ఒకసారి చేతికొస్తే వదిలే అలవాటు లేదు. అందువల్ల ఆయన కారు ప్రతి వంపులోనూ పడేది.

కొత్త ట్రాక్ కట్టక తప్పని మాట మాత్రం నిజం. వానకు పైకప్పు కారి పాత బల్ల ఉబ్బింది, రాగి పట్టీలు పైకి లేచాయి. పైగా వంతెన అవతలి క్లబ్బుతో ఏటా జరిగే పోటీ ఈసారి మా హాలులోనే. రెండేళ్ళుగా వాళ్ళే గెలుస్తున్నారు. ఈసారీ గెలిస్తే కప్పు శాశ్వతంగా వాళ్ళదైపోతుంది. కిందటేడు వాళ్ళ కెప్టెన్ చేతిలో కారు పొడవంత తేడాతో మా అక్క ఓడిపోయింది, అదీ చివరి వంపులో. అక్క బేకరీలో కేకుల మీద క్రీము పూలు దిద్దుతుంది. ఎక్కడ ఎంత నొక్కాలో ఆ వేళ్ళకు తెలుసు. ఏడాదంతా ఆ ఒక్క వంపు గురించే మాట్లాడింది. భోంచేస్తూ కూడా చూపుడువేలు ఆడిస్తుంటే అమ్మ, “ముందు పళ్ళెం చూసి తిను తల్లీ, నీ వంపు ఎక్కడికీ పోదు” అనేది.

వంపు పోయింది.

కొత్త ట్రాక్ కట్టేముందు, కార్లు ఎందుకు పడుతున్నాయో తేల్చడానికి అధ్యక్షుల వారు ఏకసభ్య కమిటీ వేశారు. ఆ సభ్యుడు బావమరిది. పాత బల్ల పక్కన కుర్చీ వేసుకుని, పడే ప్రతి కారునూ శ్రద్ధగా గమనించి, చివరికి అందరి ముందూ నివేదించాడు.

“పడేవన్నీ వంపుల్లోనే పడుతున్నాయి బావగారూ. తిన్నగా ఉన్నచోట ఒక్కటీ పడలేదు.”

“అంటే దోషం వంపుదే.”

“నా అనుమానమూ అదే.”

అక్క లేచి నిలబడింది. “వంపులో ట్రిగ్గర్ కాస్త వదిలితే చాలండీ. పడదు.”

“వదలడమా?” అధ్యక్షుల వారు జాలిగా నవ్వారు. “అమ్మాయ్, పట్టు వదిలి బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించు.”

అక్క చుట్టూ చూసేలోపే చేతులెత్తమన్నారు. వంపుల రద్దు ఏకగ్రీవమైంది. చెయ్యెత్తనివాళ్ళు మౌనంగా సమర్థించారని అధ్యక్షుల వారే వివరించారు.

కొత్త ట్రాక్ గుమ్మం దగ్గర మొదలై, వెనక గోడ దగ్గర ముగిసింది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. దాన్ని చూసి అక్కకు సందేహం వచ్చింది. “వెళ్ళడం సరేనండీ, కారు తిరిగి రావడం ఎలా?”

“మనది ముందుకు పోయే క్లబ్బమ్మా” అన్నారు అధ్యక్షుల వారు.

ఇక ట్రయల్ రన్. అధ్యక్షుల వారు ట్రిగ్గర్ నొక్కారు. రెప్పపాటులో కారు వెళ్ళి గోడను గుద్దుకుంది.

“పడలేదు బావగారూ! గుద్దుకుంది, అంతే.”

“పోటీ రోజు వచ్చే పేపరువాళ్ళకు ఆ తేడా ఏం తెలుస్తుందిరా? ఏదో ఒకటి చెయ్యి.”

బావమరిది గోడకు దిండు కట్టాడు. కారు దిండును గుద్దుకుని, వెనక్కి ఎగిరి, వెల్లకిలా పడింది. అప్పుడు కరెంటు తగ్గించారు. అయినా పడింది. ఇంకా తగ్గించారు. అలా తగ్గిస్తూ తగ్గిస్తూ మీట సున్నా దగ్గరికి వచ్చేసరికి కారు ఉన్నచోటే ఉండిపోయింది. చాలాసేపు చూశాం. పడలేదు.

“సాధించాం” అన్నారు అధ్యక్షుల వారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికి వెళ్తూ అక్క నాతో అంది, “గెలవకపోయినా ఫర్వాలేదే. పరుగెత్తి ఓడిపోనిస్తే చాలు.”

పోటీ రోజు వంతెన అవతలి క్లబ్బు కెప్టెన్ తన మనుషులతో వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకునే నెమ్మదైన మనిషి. నాలుగు కార్లూ గీత దగ్గర నిలిపారు. కెప్టెన్‌ది, ఆయన మనిషిది ఒకటి, అక్కది, అధ్యక్షుల వారిది. అధ్యక్షుల వారి కారు ముందు చిన్న జెండా కూడా ఉంది. లాప్‌లు, అంటే చుట్లు, లెక్కపెట్టే పని నాది కాబట్టి నేను బల్ల దగ్గర కూర్చున్నాను. బావమరిది ఈల వేశాడు.

కెప్టెన్ ట్రిగ్గర్ నొక్కి, కారు వంక చూసి, మళ్ళీ నొక్కాడు. “కరెంటు లేదండీ.”

“ఉంది. అదుపులో ఉంది” అన్నాడు బావమరిది.

అక్క నొక్కిన వేలు తియ్యలేదు. గోళ్ళు తెల్లబడ్డాయి. ముగింపు ఈల మోగేదాకా నాలుగు కార్లూ ఎంతో క్రమశిక్షణతో నిలబడ్డాయి. తర్వాత బావమరిది వంగి, గీత మీద స్కేలు పెట్టి కొలిచాడు. మిగిలిన కార్లకంటే అధ్యక్షుల వారి జెండా అగ్గిపుల్ల తలంత ముందుంది. ఆయన గెలిచారు. నిరుటి కప్పు తెచ్చిన కెప్టెన్ దాన్ని బల్ల మీద పెట్టి అడిగాడు.

“రేసే జరగలేదు కదండీ?”

“ఒక్క కారు పడిందా?”

“లేదు.”

“ఎవరికైనా దెబ్బ తగిలిందా?”

“లేదు.”

“మరి ఇంకేం కావాలండీ మీకు?”

కెప్టెన్ నిజంగానే ఆలోచించాడు. “వంపు” అన్నాడు.

అక్క తన కారు తీసుకుని చేతిసంచిలో వేసుకుంది. “మీ ట్రాక్ ఖాళీగా ఉందాండీ?” అని కెప్టెన్‌ను అడిగి, ఆయన వెంట వంతెన దాటింది. ఆమె వెనక నేను, నా వెనక క్లబ్బంతా. అధ్యక్షుల వారు అప్పుడు ఫోటో దిగుతున్నారు, గమనించలేదు.

అవతలి ట్రాక్ పాతది, వంకరటింకరది. అక్క కారు రెండుసార్లు పడింది. రెండుసార్లూ అవతలి క్లబ్బువాళ్ళే పరుగున వచ్చి గాడిలో పెట్టారు. చివరి వంపులో అక్క వేలు వదిలింది, కెప్టెన్ వదల్లేదు. ఆయన కారు ఎగిరి నా ఒళ్ళో పడింది. అక్క గెలిచింది. ఇవ్వడానికి కప్పు లేదు గనక టీ ఇచ్చారు. అక్క రెండు గ్లాసులు తాగింది.

నా గొడుగు మా హాలులో మరిచిపోయాను. దాని కోసం సాయంత్రం వెళ్ళేసరికి అధ్యక్షుల వారు ఇంకా సాధన చేస్తున్నారు. పక్కన స్టూలు మీద కప్పు మెరుస్తోంది. ఆయన ట్రిగ్గర్ నొక్కగానే బావమరిది నడుం వంచి, కారును గాడికి కాస్త ఎత్తున చేత్తో పట్టుకుని, నోటితో “జుయ్‌య్‌” మంటూ గుమ్మం నుంచి గోడదాకా పరుగెత్తాడు. గోడ దగ్గర జాగ్రత్తగా ఆపాడు.

“పడిందా?”

“లేదు బావగారూ.”

“మొదటి స్థానం?”

“ఇంకెవరిది? మీదే.”

“రెండోది?”

బావమరిది ఆయాసపడుతూ ఖాళీ హాలు ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. “నాదే అనుకుంటానండీ.”

అధ్యక్షుల వారు అతన్ని కిందనుంచి పైదాకా తేరిపార చూశారు.

“ఏరా, ఈమధ్య బాగా దగ్గరికొచ్చేస్తున్నావ్” అన్నారు.