జీవానందం గారి పాత చర్చి

ఆ ఉదయం జీవానందం గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వారసత్వ కట్టడాల అధికారి నాగభూషణరావు గారిని బందరులో కారెక్కించుకుని, కోడూరు పక్కన తమ ఊరి పాత చర్చి చూపించి, రక్షిత కట్టడమని బోర్డు పెట్టించుకోవడం. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు ఆ వారంలోనే దాన్ని కూల్చడానికి వస్తారట. బోర్డుంటే జోలికి రారు. ఆయన పెళ్ళి, పిల్లల బాప్తిస్మాలు అన్నీ అక్కడే. అది కూలుతుందని విన్నప్పట్నుంచీ ఆయనకి అన్నం సయించడం లేదు.

ముందురోజు బందరు బయల్దేరుతూ భార్య రాజమ్మతో, "పెద్దవాళ్ళొస్తున్నారు, చర్చి కాస్త చూసుకో" అన్నారు. అదే కొంప ముంచింది.

చల్లపల్లి దాటుతుంటే అధికారి, "పాత సున్నం గోడలు, వాటి మీద నాచు... అసలందం అదేనండీ! అది మీ ఊరిదే కాదు, దేశం ఆస్తి" అంటున్నారు. ఫోను మోగింది.

"నాచంతా గీకించేశామండీ!" అంది రాజమ్మ.

"వద్దు, వద్దు!"

"మీకన్నీ మొహమాటాలే. ఖర్చు మా స్త్రీల సమాజానిది లెండి."

మోపిదేవి దగ్గర మళ్ళీ ఫోను. నీలం రంగు రెండో కోటు పడుతోందట. పక్కన అధికారి ఉండగా కేకలెయ్యలేక జీవానందం గారు "ఆపు" అని గొణిగారు.

"ఆపడమేంటి, టైల్స్ కూడా వచ్చేస్తేను!"

అవనిగడ్డ చేరేసరికి మెట్లకి టైల్స్ అతికించడం కూడా అయిపోయింది. ఏసీ కారులో ఆయనకి ముచ్చెమటలు పోశాయి.

కారు దిగిన అధికారి మిలమిలలాడుతున్న చర్చిని చూసి, "మరి పాతది ఎక్కడండీ?" అన్నారు.

"ఇదేనండీ!" అంది రాజమ్మ గర్వంగా.

"ఎంత పని చేశారమ్మా! దేశం ఆస్తి కదా!"

"దేశానిదైనా ఊడ్చేది మేమేగా అన్నయ్యగారూ! చుట్టాలొస్తుంటే రంగులేసుకోమా?"

అధికారి కాఫీ తాగారు గానీ బోర్డు మాట ఎత్తకుండా వెళ్ళిపోయారు. జీవానందం గారు కొత్త మెట్ల మీద కూలబడ్డారు. పెళ్ళాం మీద కోపం కంటే దుఃఖమే ఎక్కువగా ఉంది.

అంతలో రోడ్డు ఇంజనీరు జీపు, దాని వెనక జేసీబీ వచ్చి ఆగాయి. ఇంజనీరు దిగి అటూ ఇటూ చూశాడు.

"ఇక్కడ పాడుబడ్డ చర్చి కూల్చమన్నారండీ. ఏదీ?"

జీవానందం గారు దిగ్గున లేచారు. దేవుని మందిరం ముందు ఆయన అబద్ధమాడరు. "మా ఊళ్ళో పాడుబడ్డ చర్చి లేదండీ" అన్నారు.

"అవున్లెండి. ఇంత కొత్తదాన్ని పడగొడితే మా ఉద్యోగాలు ఊడతాయి. రోడ్డు కాలవ వైపు జరుపుకుంటాం."

జేసీబీ వెనక్కి తిరిగింది. జీవానందం గారికి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. పెళ్ళాం చెయ్యి పట్టుకోబోయారు గానీ, దానికంటిన నీలం రంగు ఇంకా ఆరలేదు.

"వచ్చే నెల ఇంకో పెద్దాయన్ని పిలవండి" అంది రాజమ్మ, "ప్రహరీ మిగిలిపోయింది."