నూట ముప్పై రెండున్నర

ఈ ఏడాదిని జిజ్ఞాసా సంవత్సరంగా ప్రకటించడమైనదని, ఉద్యోగులందరూ తక్షణమే జిజ్ఞాస కలిగి ఉండవలెనని యాజమాన్యం సర్క్యులర్ జారీ చేసింది. అందరూ చదివారు. చదివినట్టు సంతకాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇందులో అనుమానించాల్సిందేమీ లేదు. ఒక్కో ఉద్యోగి వారానికి రెండు ప్రశ్నలకు తగ్గకుండా అడగాలి. గురువారం సాయంత్రం నాలుగింటిలోగా కంప్యూటర్లో ఫారం నింపి పంపాలి. ఆ ఫారంలో ప్రశ్న రాసే గడి కిందే జవాబు రాసే గడి ఉంది. జవాబు రాయనిదే ప్రశ్న ముందుకు కదలదు. ఇది ఎంతో ముందుచూపుతో చేసిన ఏర్పాటు. జవాబు లేని ప్రశ్నలు లోపలికి చొరబడితే ఏమవుతుందో యాజమాన్యానికి తెలియనిది కాదు.

మొదటి వారమే ఎనిమిది వందల పన్నెండు ప్రశ్నలు వచ్చాయి. "మన క్యాంటీన్ కాఫీ ఎలా ఉంటుంది? జవాబు: చాలా బాగుంటుంది." "మన సంస్థ ఎందుకు ముందంజలో ఉంది? జవాబు: నాయకత్వం వల్ల." ఈ రెండో ప్రశ్నని రెండు వందల ఆరుగురు అడిగారు. ఇంతమందికి ఒకే రోజున ఒకే సందేహం కలగడం సైన్సులోనే అరుదని విభాగాధిపతి మెచ్చుకున్నారు.

ఇదే సంస్థలో, మొదటి అంతస్తులో, కిటికీ పక్క సీట్లో సందేహాలయ్య పనిచేసేవాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది జీతం పత్రం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. సాఫ్ట్‌వేర్ అంటే చెవి కోసుకునే మనిషి. బట్టలుతికే యంత్రం ఎటు తిరిగి ఎటు ఆగుతోందో చూద్దామని విప్పి, మళ్ళీ బిగించాక నాలుగు మరలు మిగిలిపోతే, అవి లేకుండానే అది ఎలా నడుస్తోందా అని రెండు రోజులు ఆశ్చర్యపోయాడు. బస్సులో కృష్ణబిలాల గురించి చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయేవాడు. పంటి డాక్టరు నోట్లో చేతులు పెట్టి ఉండగా, ఆ యంత్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందని అడగబోయి నాలుక పోగొట్టుకున్నంత పని చేశాడు. ఆరు నెలలకోసారి కెరీర్ మార్చేసుకుందామనుకునేవాడు. ఒకసారి రోబోలు, ఒకసారి ఉపగ్రహాలు, ఒకసారి కృత్రిమ మేధ. ప్రతిదాని గురించీ పుస్తకాలు చదివి, పాఠాలు విని, ఉన్న సీట్లోనే మరింత విజ్ఞానంతో కూర్చునేవాడు.

అతని పని కూడా చెప్పుకోవాలి. సోమవారం ఉదయం పదింటికి పైనుంచి 'మూల సమాచారం' అనే పట్టిక వస్తుంది. అందులో అడ్డంగా ఉన్న అంకెల్ని నిలువుగా మార్చి, 'పరిశీలించడమైనది' అని ముద్ర కొట్టి, సాయంత్రం లోగా రెండో అంతస్తుకి పంపాలి. ఇంతకుముందు ఈ పని సోమవారమంతా పట్టేది. సందేహాలయ్య చేరిన రెండో నెలలోనే ఒక చిన్న ప్రోగ్రాం రాసి దాన్ని నాలుగు నిమిషాలకి కుదించాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మిగిలిన సమయమంతా జిజ్ఞాసకి కేటాయించాడు కాబట్టి సర్క్యులర్ కంటే తొమ్మిదేళ్ళు ముందే దాన్ని అమలు చేసినవాడయ్యాడు.

పట్టిక చివరి గడిలో 'సామర్థ్య సూచిక' ఉంటుంది. అది ఎప్పుడూ డెబ్బై ఒకటే. పక్క సీటావిడ పందొమ్మిదేళ్ళుగా చూస్తోంది, ఒక్కసారి పెరిగింది లేదు, తగ్గింది లేదు. ఇందుకు సంస్థకి రెండుసార్లు స్థిరత్వ పురస్కారం కూడా వచ్చింది.

అంతా సవ్యంగా ఉండగా, నాలుగో తరగతి చదివే కూతురు ఒక ఆదివారం నోటు పుస్తకం పట్టుకుని వచ్చింది.

"నాన్నా, 'మా నాన్నగారి ఉద్యోగం' అని పది వాక్యాలు రాసుకురమ్మన్నారు. వచ్చే బుధవారం కాదు, ఆ పై బుధవారం అందరి ముందూ చదవాలి. నువ్వు ఆఫీసులో ఏం చేస్తావు?"

"అంకెల్ని నిలువుగా మారుస్తానమ్మా."

"ఎందుకు?"

"రెండో అంతస్తు వాళ్ళకి కావాలి."

"వాళ్ళకెందుకు?"

లోకంలో ప్రతిదాన్నీ ఎందుకని అడిగినవాడికి, తొమ్మిదేళ్ళుగా తను చేస్తున్న పనిని ఎందుకని అడగడం తట్టలేదు. దీపం కింద చీకటి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పైగా ఆ పిల్లకి మాటిచ్చి ఉన్నాడు. "నువ్వేం అడిగినా చెప్తాను. నాకు తెలీకపోతే ఇద్దరం కలిసి కనుక్కుందాం" అని. ఆ ఒక్క మాట మీద ఆ పిల్ల తండ్రిని ప్రపంచంలోకెల్లా గొప్పవాడనుకుంటోంది. ఇంకెవరూ అలా అనుకోవడం లేదు కాబట్టి ఆ పదవి పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేదు.

"కనుక్కుని చెప్తాను. బుధవారం లోగా చెప్తాను" అన్నాడు.

మర్నాడు ఫారంలో రాశాడు. "మన నివేదిక చివరికి ఎవరు చదువుతారు?" జవాబు గడిలో 'తెలియదు' అని నింపాడు. అరగంటలో తిరిగొచ్చింది. సదరు ఉద్యోగికి తగినంత పరిజ్ఞానం లేనందున శిక్షణకు సిఫారసు చేయడమైనదని దాని మీద రాసి ఉంది.

పక్క సీటావిడ జాలిపడింది. "పందొమ్మిదేళ్ళయింది, నేనేనాడైనా అడిగానా? రెండో అంతస్తు వాళ్ళు రంగులేస్తారు, నాలుగో అంతస్తు వాళ్ళు బొమ్మలు గీస్తారు, ఆరో అంతస్తు వాళ్ళు సంతకాలు పెడతారు. ఆ పైన పెద్దవాళ్ళు. తేనెతుట్టె కదిపి కుట్టిందని ఏడవకు" అంది.

అదృష్టవశాత్తూ సందేహాలయ్య భార్య రోగనిర్ధారణ ల్యాబులో టెక్నీషియన్. ఆ పొద్దునే ఫోన్లో సంగతంతా విని ఆవిడ తేలిగ్గా తేల్చేసింది. "దీనికింత బెంగెందుకండీ? ఒంట్లో రక్తం ఎటుపోతోందో తెలియకపోతే మేం ఏం చేస్తాం? ఓ చుక్క రంగుమందు ఎక్కించి, అది ఎక్కడ తేలుతుందో చూస్తాం. మీరూ ఓ చుక్క వెయ్యండి."

ఆ మాటతో సందేహాలయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఏ అంకె వెయ్యాలి? ఇంకెవరూ పొరపాటున కూడా రాయనిదై ఉండాలి. వంటింటి గుమ్మం చెక్క మీద కూతురి ఎత్తు గీతలుంటాయి. నిన్న ఆదివారమే కొలిచాడు, నూట ముప్పై రెండున్నర సెంటీమీటర్లు. ఇంతకంటే నమ్మకమైన అంకె అతని దగ్గర ఇంకోటి లేదు. డెబ్బై ఒకటి చెరిపి ఆ అంకె వేసి, 'పరిశీలించడమైనది' అని ముద్ర కొట్టి పంపాడు. నిజానికి ఆ ముద్ర పడ్డవాటిల్లో ఎవరైనా స్వయంగా పరిశీలించిన మొదటి అంకె అదే.

వారమంతా అతనికి కాలు నిలవలేదు. తరవాతి సోమవారం పదింటికి పైనుంచి మూల సమాచారం వచ్చింది. తెరిచాడు. చివరి గడిలో నూట ముప్పై రెండున్నర!

ముందు ఎగిరి గంతేశాడు. ప్రయోగం ఫలించిన ఏ శాస్త్రవేత్తయినా అంతే. తరవాత మెల్లగా కూలబడ్డాడు. అతను పంపింది రెండో అంతస్తుకి వెళ్ళి, నాలుగు ఎక్కి, ఆరు ఎక్కి, ఏడో అంతస్తు చేరితే, అక్కడివాళ్ళు రంగులూ బొమ్మలూ తీసేసి, నిలువు అంకెల్ని అడ్డంగా తిప్పి, మూల సమాచారమని పేరు పెట్టి అతనికే పంపుతున్నారు. నాలుగు వందల మంది, పందొమ్మిదేళ్ళు, ఒకే కాగితం. గానుగెద్దుకైనా చివరికి నూనె కనిపిస్తుంది.

ఈ సంగతి చెప్పాలని విభాగాధిపతి గదికి పరిగెత్తాడు. నోరు విప్పేలోగా ఆయనే లేచి కౌగిలించుకున్నారు.

"ఏమయ్యా, నక్కతోక తొక్కావా? సామర్థ్య సూచిక నూట ముప్పై రెండున్నర! వందకి పైన కూడా సామర్థ్యం ఉంటుందని సంచాలకులవారే ఊహించలేదట. రేపు సభ. నువ్వు మాట్లాడాలి."

"సర్, అది సూచిక కాదు సర్..."

"వినయం తరవాత. ముందు మంచి చొక్కా ఉందో లేదో చూసుకో."

మంగళవారం సభ బ్రహ్మాండంగా జరిగింది. వేదిక వెనక నూట ముప్పై రెండున్నర అని మనిషెత్తు అక్షరాలతో బ్యానరు కట్టారు. సందేహాలయ్య మైకు ముందు నిలబడ్డాడు. చొక్కా కాలరు మెడకి కోసుకుంటోంది. రేపు పొద్దున నోటు పుస్తకంతో నిలబడబోయే కూతురు కళ్ళ ముందు మెదిలింది. ఉద్యోగం పోతే పోయింది, దానికి చెప్పడానికి ఒక నిజమైనా మిగులుతుంది అనుకున్నాడు. ఆ కాసేపూ అతనికి నిజంగానే ధైర్యం వచ్చింది.

"ఈ అంకె సామర్థ్యం కాదండీ, మా అమ్మాయి ఎత్తు. నేనే రాశాను. మనం పంపేది మళ్ళీ మన దగ్గరికే వస్తోంది. మధ్యలో ఎవరూ చదవడం లేదు" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఏడంతస్తులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు సంచాలకులవారు లేచారు.

"విన్నారా మిత్రులారా! సంస్థ ప్రగతిని కన్నబిడ్డ ఎదుగుదలతో కొలుస్తున్న ఉద్యోగి మన మధ్య ఉన్నారు! ఇంతకంటే అంకితభావం ఎక్కడుంది? ఇక నివేదిక గుండ్రంగా తిరుగుతోందన్నారు. భూమి గుండ్రంగా తిరగడం లేదా? గ్రహాలు తిరగడం లేదా? మనం సైన్సుకి విరుద్ధంగా నడవగలమా? పందొమ్మిదేళ్ళలో ఒక్క అంకె కూడా బయటికి పోలేదంటే మన భద్రతా వ్యవస్థ ఎంత పటిష్ఠమో ఆలోచించండి!"

చప్పట్లు అయిదు నిమిషాలు ఆగలేదు. పక్క సీటావిడ కళ్ళొత్తుకుంది. ఆ వేదిక మీదే సందేహాలయ్యని ప్రధాన జిజ్ఞాసాధికారిగా నియమించారు. గాజు తలుపుల గది, తిరిగే కుర్చీ, ఒకే ఒక్క బాధ్యత. సూచిక నెలకి అర చొప్పున పెరుగుతూ ఉండాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గరాదు.

ఉద్యోగం పోతుందని తెగించినవాడికి ప్రమోషన్ వస్తే ఆ తెగువ ఎక్కడ దాచుకోవాలో తెలియదు. సందేహాలయ్య దాన్ని కొత్త గది సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ సాయంత్రం కూతురికి మాత్రం అంతా చెప్పాడు, మాటిచ్చాడు కాబట్టి. ఆ పిల్ల పకపకా నవ్వి, కూర్చుని పది వాక్యాలు రాసేసింది.

"రంగుమందు ఎటుపోయిందో తెలిసింది. బాగానే ఉంది. మరి వైద్యం ఎవరు చేస్తారు?" అని అడిగింది భార్య. అతను వినపడనట్టు కుర్చీ కొలతల కాగితం చదువుకుంటూ కూర్చున్నాడు.

బుధవారం బడి నుంచి పిల్ల మొహం మాడ్చుకుని వచ్చింది. నోటు పుస్తకంలో "మా నాన్నగారు ఆఫీసులో నా ఎత్తు రాస్తారు. అది ఏడంతస్తులు తిరిగి మళ్ళీ నాన్నగారి దగ్గరికే వస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు" అని గుండ్రటి అక్షరాలున్నాయి. వాటి మీద అడ్డంగా ఎర్ర గీత. కింద టీచరమ్మ, గైడులో ఉన్న 'మా నాన్నగారు దేశ ప్రగతికి అహర్నిశలు కృషి చేయుచున్నారు' అనే వాక్యాన్ని అయిదుసార్లు రాసుకురావలెనని రాసింది. తరగతిలో మిగతా అందరి నాన్నలూ ఆ పనే చేస్తున్నారు.

"నాన్నా, నేను రాసింది నిజమే కదా?"

"నిజమేనమ్మా."

"మరి టీచర్ ఎందుకు కొట్టేసింది?"

పది రోజుల కిందట అయితే, "పద, ఇద్దరం వెళ్ళి అడుగుదాం" అనేవాడు. ఇప్పుడు జిజ్ఞాసాధికారి. బడిలో ఈ విషయం పొడిగిస్తే ఆఫీసు దాకా వస్తుంది. ఆఫీసు దాకా వస్తే గుండ్రంగా తిరిగి ఎక్కడ తేలుతుందో అతనికి తెలుసు.

"టీచర్ చెప్పినట్టే రాయమ్మా. అన్నీ ఎందుకని అడక్కూడదు" అన్నాడు.

పిల్ల అతనివైపు కాసేపు చూసింది. అయిదుసార్లు కుదురుగా రాసుకుంది. పదికి పది వచ్చాయి.

అప్పట్నుంచి ఇంట్లో ప్రశ్నలు తగ్గి, పాలు పెరిగాయి. ఉదయం ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, రోజుకో గుడ్డు. "తాగమ్మా, నాలుగు వందల మంది నీ మీదే ఆధారపడి ఉన్నారు" అనేవాడు తండ్రి, నవ్వుతూనే. మొదటి నెల నూట ముప్పై మూడు. సంస్థలో కేకు కోశారు. రెండో నెల నూట ముప్పై మూడున్నర. సంచాలకులవారు అభినందన లేఖ పంపారు.

మూడో నెలాఖరున పిల్లకి జ్వరం వచ్చి తగ్గింది. చిక్కిపోయింది. ఆదివారం పొద్దున గుమ్మానికి ఆనించి నిలబెట్టి, స్కేలు తల మీద పెట్టి చూస్తే గీత కదల్లేదు. మళ్ళీ చూశాడు. కదల్లేదు. "సరిగ్గా నిలబడమ్మా" అన్నాడు. గొంతులో కంగారు పిల్లకి తెలిసిపోయింది. ఎందుకని అడగలేదు. అడక్కూడదని నేర్చుకుంది కదా. తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా మడమలు పైకెత్తింది.

సందేహాలయ్య కిందికి చూశాడు. ఆ చిన్న మడమలు నేలకి అర సెంటీమీటరు ఎత్తున వణుకుతూ నిలబడి ఉన్నాయి. చూసి, తల తిప్పుకుని, నూట ముప్పై నాలుగని రాసుకున్నాడు.

మర్నాడు 'పరిశీలించడమైనది' అని ముద్ర పడింది. ఆ మూడు నెలల్లో సంస్థ సాధించిన నిలకడైన ప్రగతి గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. చదివి, బాగుందనుకుని, పేజీ తిప్పే ఉంటారు.