మూడు విజిళ్లు

"మూడు విజిళ్లు రాంగనే పొయ్యి బందు చెయ్యి" అని భర్తకు అప్పజెప్పి ప్రమీల బిందెతో నల్లా దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బమ్రోలి అనే గుజరాతీ పేటలోని ఆ ఒంటి గది నిండా మాడు వాసన. కుక్కర్ తొమ్మిదో విజిల్ వేస్తోంది. దానికి వీపు తిప్పి కూర్చున్న లింగమూర్తి తన బయోడేటాకు నిమ్మళంగా ఫొటో అంటిస్తున్నాడు.

"ఏందయ్యా, చెవులల్ల పత్తి వెట్టుకున్నవా? మూడు అని చెప్పలేనా?" అంది ప్రమీల, అతని ముందుకొచ్చి నిలబడి.

"నేను లెక్కవెడుతనే ఉన్న. ఇంక ఒక్కటి గూడ రాలే" అన్నాడు లింగమూర్తి.

ప్రమీల నెత్తి కొట్టుకుంది. చెప్పిన మాట వినకపోవడం ఈ మనిషికి పుట్టుకతో వచ్చిన మొండితనమని ఆమె ఏనాడో తేల్చేసుకుంది. అయినా ఆ రోజు పోట్లాటకు దిగలేదు. ఖటోదరా షెడ్డుల్లో ఇరవై ఎనిమిదేళ్లు కరెంటు మగ్గం నడిపిన మనిషి ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉన్నాడు. సేటు పాత మగ్గాలను పాత ఇనుముకు తూకమేసి కొత్త మిషన్లు తెచ్చాడు. వాటికి కుర్రాళ్లు కావాలట. యాభై రెండేళ్లు అనగానే ఎక్కడికెళ్లినా చాయ్ ఇచ్చి పంపేస్తున్నారు. ఆమె చీరలు మడతపెట్టి తెచ్చేదాంతో తింటున్న ప్రతి ముద్దా లింగమూర్తికి గొంతులో అడ్డం పడుతోంది. ఈ రోజు సర్కారు వారి ఉద్యోగ మేళా ఉంది. వయసు మీరినవాళ్లకు, వికలాంగులకు, మధ్యలో పని మానేసిన ఆడవాళ్లకు ప్రత్యేకమని గల్లీలో ఆటో తిరుగుతూ చాటింది. ఇదే ఆఖరి ఆశ.

తోడుగా పాత దోస్తు కనకయ్య సెలవు పెట్టి వచ్చాడు. మేళా హాలులో మైకులు, కూలర్లు, వెయ్యి మంది జనం. 'నలభై ఐదు దాటినవారు' అన్న వరుస గేటు బయటిదాకా సాగింది. లింగమూర్తి అందులో నిలబడ్డాడు. ఫారాల కోసం కనకయ్య అవతలి గోడ దగ్గరికి చేరాడు.

మగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఆ మోతలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు కాబట్టి చేతులే నోళ్లవుతాయి. పిడికిలి తిప్పితే నూలు చుట్టిన కండె అయిపోయిందని. మీసం మీద బొటనవేలు రాస్తే సేటు వస్తున్నాడని. రెండు వేళ్లు పెదవికి ఆనిస్తే చాయ్. కనకయ్య అంత దూరం నుంచి పిడికిలి తిప్పాడు, అంటే ఫారాలు అయిపోయాయని. లింగమూర్తి మీసం మీద బొటనవేలు రాసి, పెద్దసారును అడగమని చెయ్యి ఊపాడు.

ఈ ముచ్చటంతా హారతి చూసింది. ఆమె మేళాకు సహాయకురాలిగా వచ్చిన, అక్కడే పుట్టి పెరిగిన తెలుగు కాలేజీ అమ్మాయి. మూగ చెవిటివారితో ఎలా మెలగాలో రెండు రోజుల శిక్షణ కూడా పొందింది. పాపం, ఈ పెద్దాయన తప్పు వరుసలో నిలబడ్డాడని ఆమె గుండె కరిగిపోయింది. దగ్గరికొచ్చి, నోరు విప్పకుండా, నేర్చుకున్న సైగలన్నీ చేసింది. పాపం, ఈ పిల్లకు మాటలు రావనుకుని లింగమూర్తి గుండె కూడా అంతే కరిగిపోయింది. ఎదుటి మనిషిని నొప్పించకూడదని అతనూ నోరు విప్పలేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడుతూ హాలు దాటారు.

ఈ కొత్త వరుసలో పన్నెండు మందే ఉన్నారు. కుర్చీలు, ఫ్యాను, సమోసా కూడా ఉన్నాయి. హారతి అతని జేబుకు గుజరాతీలో రాసిన చీటీ తగిలించింది. లింగమూర్తికి తెలుగు తప్ప వేరే రాత రాదు. వయసుకు సర్కారు ఇంత మర్యాద ఇస్తుందా అనుకుంటూ సమోసా తిన్నాడు.

గుజరాతీ కూడబలుక్కుని చదవగల కనకయ్య వచ్చి ఆ చీటీ చూసి అదిరిపడ్డాడు. "బావా, నిన్ను చెవిటోడని రాసిండ్రు!"

"అయ్యో! పోయి చెప్తా నడువు."

"నోరు మూస్కో! గాడ ప్యాకింగ్ నౌకరి ఒక్కటున్నదట, గీ లైనోళ్లకే."

"పాపం తగుల్తది కనకయ్యా. ఒకల నోటికాడి కూడు గుంజుకుంటమా?"

కనకయ్య జవాబిచ్చేలోపు మేళా అధికారి ఓంప్రకాష్ ఊడిపడ్డాడు. అతిథి ఉపన్యాసం మొదలవుతోంది, సైగలతో చెప్పాల్సిన మనిషి ఇంకా రాలేదు. చేతులూ నోరూ రెండూ ఆడిస్తున్న కనకయ్య ఆయనకు దేవుడిలా కనిపించాడు. "ఆవో భాయ్" అంటూ చెయ్యి పట్టి వేదిక ఎక్కించాడు.

"అణగారిన ప్రతి ఒక్కరికీ ఉపాధి కల్పించడమే జాతీయ విధానం" అన్నాడు అతిథి. కనకయ్యకు తెలిసినవి మగ్గం సైగలే. కండె అయిపోయిందన్నాడు. "అడ్డంకులన్నీ తొలగిస్తాం" అన్నాడు అతిథి. పోగు తెగింది, సేటు వస్తున్నాడు, అన్నాయి కనకయ్య చేతులు. "రేపటి భారతం మీదే!" పద చాయ్ తాగుదాం. ముందు వరుసలోని పన్నెండు మంది మొదట మొహాలు చూసుకున్నారు, తర్వాత పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈ ఉపన్యాసాన్ని జనం ఇంతగా ఆస్వాదించడం ఓంప్రకాష్ తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

ఆ ఊపులోనే ప్యాకింగ్ కంపెనీవారు, నిజం చెప్పే సందైనా ఇవ్వకుండా, వేదిక మీదికి లింగమూర్తిని పిలిచి ఉద్యోగపు కాగితం చేతికిచ్చారు. సరిగ్గా అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. ప్రమీలే. మైకు పక్కనే కావడంతో డప్పుల దరువు పాట హాలంతా దద్దరిల్లింది. జనం కళ్లన్నీ అతని జేబు మీద పడ్డాయి. కనకయ్య చెయ్యి చెవికి ఆనించి గిలగిల్లాడాడు. లింగమూర్తి అయోమయంగా చూశాడు. ఫోను ఆగింది, మళ్లీ మోగింది. మూడోసారి మోగుతుండగా జేబులో వెలుగు కనిపించి తీశాడు. అందరూ తననే చూస్తున్నారు. చెవిటివాళ్ల చోటు కాజేసిన దొంగతనం బయటపడిందనుకున్నాడు.

"నేను చెవిటోన్ని గాదు సాబ్! నా చెవులు మంచిగున్నయ్! గీ నౌకరి నాకొద్దు, అసలైనోళ్లకియ్యుండ్రి" అని అరిచి కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"అరే, మీరు తెలుగోళ్లా?" అని హారతి నోరెళ్లబెట్టింది.

"నీకు మాటలచ్చునా బిడ్డా?" అని లింగమూర్తి అంతకంటే పెద్దగా నోరెళ్లబెట్టాడు.

హారతి ఆ మాటలు హిందీలో చెప్పగానే ఓంప్రకాష్ మొహం కందగడ్డయింది. పోలీసుల పేరెత్తాడు. హారతి మాత్రం ఆలోచనలో పడింది. "అంకుల్, మీ ఫోన్ తీన్ బార్ మోగింది. మీకు వినపడలేదా?"

అతను ఆమె పెదవుల వంకే చూస్తూ "మోగలేదు గదమ్మా! మోగితే ఇనరాదా?" అన్నాడు.

వేదిక వెనకే వైద్య శిబిరం ఉంది. డాక్టరు అతని చెవులకు యంత్రం తగిలించి, శబ్దం వినపడగానే వేలెత్తమన్నాడు. లింగమూర్తి వేలు సిద్ధంగా పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పావుగంటయింది.

"ఎప్పుడు షురూ చేస్తరు సాబ్?" అని అడిగాడు.

"అయిపోయింది" అన్నాడు డాక్టరు.

ఇరవై ఎనిమిదేళ్ల మగ్గాల మోత రెండు చెవులనూ ఏనాడో మింగేసింది. షెడ్డులో సైగలు, ఇంట్లో ఎదురుగా నిలబడి అరుపులు, బయట పెదవుల కదలిక. ఇన్నాళ్లూ అలాగే గడిచిపోయింది. అతను నిజాయితీగా ఒప్పుకున్నదే అబద్ధమని తేలింది. ఓంప్రకాష్ ఉద్యోగపు కాగితం తెచ్చి మళ్లీ చేతికిచ్చాడు. పెద్దాసుపత్రి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆ చోటు అతనిదేనని కంపెనీవారు మాటిచ్చారు. తన చెవులు కూడా జర చూడమని కనకయ్య కూర్చున్నాడు కానీ, దురదృష్టవశాత్తు అవి పాము చెవులు.

సాయంత్రం సంగతంతా విని ప్రమీల నవ్వలేదు. ఇన్నేళ్లు ఆమె కోపగించుకున్నది మొండివాడి మీద కాదు, వినపడనివాడి మీద. కళ్లు తుడుచుకుంది. మరుక్షణమే పొద్దుటి మాడు పప్పు గిన్నె కంటపడింది.

"నా మాట నీ చెవులకెక్కుతలేదని ఇరవయ్యేండ్ల సంది మొత్తుకుంటున్న గదయ్యా!"

"ఎన్నడు చెప్పినవే? నేనైతే ఇన్లే" అన్నాడు లింగమూర్తి.