రాతి తలుపులో రూప్లా మాయం

"నా కళ్లుగప్పి తప్పించుకునే నేరస్థుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!" అని సారంగపాణి ఇంటర్నెట్ సెంటర్ గుమ్మంలో నిలబడి ప్రకటించాడు. ఆ ఊపులోనే లోపలికి రాబోయి గుమ్మానికి తల కొట్టుకున్నాడు.

కౌంటర్ దగ్గర కూర్చున్న వనజకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన ఆమెకు సొంత చిన్నాయన. రెండువేల ఆరు మే నెలలో, మణుగూరు ఎండలో, నల్ల రెయిన్‌కోటు తొడుక్కుని డిటెక్టివ్‌నని చెప్పుకు తిరిగే మనిషి జిల్లా మొత్తానికి ఆయనొక్కడే. పైగా ఆయన్ని పిలిచింది ఆమె కాదు, ప్రభాకర్.

ప్రభాకర్ ఆ సెంటర్ జట్టుకు నాయకుడు. ఆడే ఆట 'సెవెన్త్ మూన్'. ఎక్కడో ఒక చంద్రుడు, దాని మీద కోటలు, ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుని నెట్‌లో కలిసి కాల్చుకోవడం. మొన్నటిదాకా వీళ్లు బూర్గంపాడు జట్టును ఉతికి ఆరేసేవాళ్లు. ఈమధ్య వరసపెట్టి ఓడిపోతున్నారు. యుద్ధం మధ్యలో వీళ్ల కోట తుపాకులు ఉన్నట్టుండి ఆగిపోతాయి. అప్పటికే జట్టులో ఒకడైన రూప్లా కోట వెనక బండలోకి నడిచి మాయమై ఉంటాడు.

"వాడు బూర్గంపాడోళ్లకు అమ్ముడువోయిండు సార్," అన్నాడు ప్రభాకర్. "ఇయ్యాల సాయంత్రం మ్యాచ్ ఉంది. వాడు జట్టుల ఉంటే మేం ఆడం."

"నేనెవ్వలికి అమ్ముడువోలే అన్నా!" రూప్లా ముందుకొచ్చాడు. తండా నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి ఆడే పిల్లాడు, ఈ జట్టే అతని దోస్తానా అంతా. "ఆడ తలుపు తెరుసుకుంటది, నేను లోపలికి దిగుత. మీరే వస్తలేరు."

"అది బండరా! బండ తెరుసుకునుడేంది? మమ్మల్ని పిచ్చోళ్లను చేస్తున్నవా?"

రూప్లా అబద్ధం ఆడే రకం కాదని వనజకు తెలుసు. కానీ ఏంచేస్తుంది? మిగతావాళ్లదీ అబద్ధంలా లేదు.

"కుట్ర!" అంటూ సారంగపాణి భూతద్దం తీసి నేల మీద పాకాడు. "ఆహా! నిందితుడి చెప్పులకు బొగ్గుపొడి ఉంది!"

"చిన్నాయనా, ఈ ఊర్ల అందరి చెప్పులకు ఉంటది. నీ చెప్పులకు సుత ఉంది."

"నన్ను ఇరికించాలని చూస్తున్నరన్న మాట!" అని ఆయన చటుక్కున లేచాడు. "నేనే యుద్ధభూమిలోకి దిగుత. సాక్షులను అక్కడే విచారిస్త."

రూప్లాను పక్కన నిలబెట్టి, ఎవరికీ ఇవ్వని అయిదో నంబరు ముందు ఆయన్ని కూర్చోబెట్టారు. బూర్గంపాడోళ్లతో ప్రాక్టీసు నడుస్తున్న చంద్రుడి మీద అడుగుపెట్టిన సారంగపాణి ఎదురొచ్చిన శత్రుసైనికుడి ముందు ఆగి, "నిన్న సాయంత్రం నువ్వెక్కడున్నవ్?" అని టైపు చేయబోయాడు. రెండో అక్షరానికే వాడు కాల్చేశాడు. ఈయన మళ్లీ పుట్టాడు, మళ్లీ అడగబోయాడు, మళ్లీ చచ్చాడు.

"చూసినవా వనజా? ఇన్ని హత్యాయత్నాలు! అంటే నేను నిజానికి మస్తు దగ్గరికి వచ్చిన."

ఈసారి బాంబు పడింది. ఆ చప్పుడుకు సారంగపాణి ఎగిరి పడ్డాడు. మోచెయ్యి తగిలి గ్లాసులో చాయ్ మొత్తం కీబోర్డు మీదా తొడ మీదా ఒలికింది. కాలిన తొడ పట్టుకుని వెనక్కి గెంతి గెంతి, పక్కనున్న రూప్లా కుర్చీలో దబ్బున కూలబడ్డాడు.

అందరూ ఆట ఆపి అటు తిరిగారు. నాలుగో నంబరు కుర్చీలో రూప్లా తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. అది వనజ నాన్న లచ్చయ్య పెట్టిన కట్టుబాటు. ఆయన బొగ్గుబావిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూంలో పనిచేసి రిటైరైన మనిషి. బావిలో ఎవరి నంబరు ల్యాంపు వాళ్లదే, ఇంకొకరు ముట్టడానికి లేదు. సెంటర్ పెట్టినప్పుడు కుర్చీలకూ అదే పద్ధతి తెచ్చాడు. చుట్టూ ప్లైవుడ్ అడ్డాలు కూడా కొట్టించాడు. అందుకే ఒకరి తెరలో ఏముందో ఇంకొకరు చూసి ఎరగరు.

"లే చిన్నాయనా, నాయిన చూస్తే చంపుతడు!" అంటూ వనజ పరుగున వచ్చింది. లేవబోయిన సారంగపాణి చెయ్యి కీబోర్డు మీద పడి, తెర మీద రూప్లా ఆపి ఉంచిన సైనికుడు ఉరుకుడు మొదలుపెట్టాడు. ఎదురుగా రాతి తలుపు. అది రెండుగా విచ్చుకుంది. లోపల నీలం వెలుగులో పెద్ద పెద్ద గుహలు.

వనజ నోరు తెరిచింది. పోయిన నెల పిడుగుకు కాలిపోయింది ఈ నాలుగో నంబరే. ఖమ్మం నుంచి మెకానిక్ వచ్చి బాగుచేసి, ఆటను కొత్త సీడీతో ఎక్కించి పోయాడు. ఆ సీడీలో ఆటకు కొత్త చోట్లు కలిపే ఎక్స్‌పాన్షన్ కూడా ఉంది. మిగతా కంప్యూటర్లలో ఉన్నది పాత ఆటే.

"ఓ ప్రభాకర్! జల్దీ రా! తలుపు నిజంగనే ఉందిరా. పాత ఆటల అది బండ, కొత్త ఆటల దారి!"

అందరూ వచ్చి వెనక మూగారు. గుహల నిండా బూర్గంపాడు సైనికులే, వాళ్లందరిదీ కొత్త ఆటే.

"ఇంతమంది కిందనే ఉన్నరా?" అన్నాడు ప్రభాకర్.

"అవ్ అన్నా. మన కోట తుపాకులకు కరెంటు ఈడికెళ్లే వస్తది. వాళ్లు దీన్ని గుంజుకుంటే పైన అంతా బంద్. నేను ఆపుదామనే దిగుతున్న. ఒక్కణ్ణే అయిపోతున్న."

ప్రభాకర్ రూప్లా భుజం పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "రోజూ మా కోసం కొట్లాడి పైకి వచ్చి, మాతోనే తిట్లు తిన్నవారా!" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి రూప్లా కూడా ఏడ్చేశాడు.

"కేసు క్లోజ్!" అని అరిచాడు సారంగపాణి. తర్వాత వనజ చెవి దగ్గరికి వంగి, "ఇంతకీ చేసింది ఎవరే?" అన్నాడు.

వనజ సొరుగు వెతికి సీడీ బయటికి తీసింది. "అంతా దీనివల్లనే చిన్నాయనా. మ్యాచ్ షురువయ్యే లోపల అన్ని కంప్యూటర్లల ఎక్కియ్యాలె..."

ఆమె మాట పూర్తికాలేదు. సారంగపాణి సీడీని లాక్కుని రుమాల్లో చుట్టి, "నిన్ను అరెస్టు చేస్తున్న!" అని దాన్ని గద్దించి, పోలీస్ స్టేషన్ వైపు పరుగు లంకించుకున్నాడు.

"పట్టుకోన్రిరా!" అని వనజ కేక వేసింది. ప్రభాకర్ రూప్లా సైకిల్ ఎక్కి తొక్కాడు. రూప్లా వెనక కూర్చుని, అతని నడుము గట్టిగా పట్టుకుని, "జల్దీ అన్నా, ఇయ్యాల అందరం కలిసే దిగాలె!" అని నవ్వుతూ అరుస్తున్నాడు.